కన్ను చెప్పే సాక్ష్యం

తగవు తెగనప్పుడు మా చిత్తూరు వైపు ఆఖరున వినిపించే మాట ఒకటుంది: ‘కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?’ ఇప్పుడా మాట రాష్ట్రమంతా పాకింది. రాజకీయ నాయకులు కూడా ఒకరికొకరు ఆ సవాలు విసురుకుంటున్నారు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ఎదుట నిలబడి అబద్ధమాడాలంటే ఎంతటివాడైనా జంకుతాడని నమ్మకం. సాక్ష్యానికి అంత బరువున్న ఈ ఊళ్లో, మొన్న వినాయక చవితికి నేనొక కొత్త రకం సాక్షిని చూశాను. అది తలకు తగిలించుకునే ఒక పెట్టె.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు పండక్కి వస్తూ వస్తూ తన ప్లేస్టేషన్ 5 గేమింగ్ కన్సోల్‌నూ, దానికి తగిలించే వర్చువల్ రియాలిటీ (వీఆర్) హెడ్‌సెట్‌నూ తెచ్చాడు. పెద్ద పిల్లలందరూ తనివితీరా ఆడాక మా అమ్మ వంతు వచ్చింది. చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, పెట్టెను కళ్లకు సర్ది, కొండలెక్కే ఆట ఒకటి పెట్టాడు. అమ్మ తల అటు తిప్పింది, ఇటు తిప్పింది, కిందికి చూసింది. కింద లోయ. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని అడిగింది.

‘‘ఒరే, నేను యాడుండాన్రా?’’

‘‘ఇంట్లోనే ఉండావవ్వా, కుర్చీలో.’’

‘‘మరి నేల యాడికి పాయ?’’

పెట్టె తీసేశాక ఆమె చేసిన మొదటి పని, వంగి అరచేత్తో నేలను తాకడం. ఆ తర్వాతే లేచింది. ఆమె అడిగిన ప్రశ్న చిన్నదే. కానీ ఈ యంత్రం లోపల ఉన్న కటకాలు, కెమెరాలు, చిప్పులు అన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. అందుకే దాన్నే పట్టుకుని, ఈ పెట్టె ఎలా పనిచేస్తుందో, దాని మంచిచెడ్డలేమిటో తాపీగా చూద్దాం.

ముగ్గురు అన్నదమ్ములు

కాణిపాకం కథ చాలామంది విన్నదే. విహారపురి అనే ఊళ్లో ముగ్గురు అన్నదమ్ములు. ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట లేదు, ఒకరికి వినికిడి లేదు. ముగ్గురూ కలిసి ఒకే పొలం సాగు చేసుకునేవారు. బావి ఎండిపోతే దిగి తవ్వారు. గడ్డపారకు రాయి తగిలి నెత్తురు చిమ్మింది, అది చూసిన క్షణాన ముగ్గురి లోపాలూ తీరిపోయాయి. ఆ రాయే స్వామి అని ఊరివాళ్లు కొట్టిన కొబ్బరికాయల నీళ్లు కాణి నేల, అంటే ఎకరంపావు మేర పారాయని, అందుకే కాణిపాకమని పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. 11వ శతాబ్దంలో కులోత్తుంగ చోళుడు కట్టించాడని చెప్పే గుడిలో, స్వామి ఇప్పటికీ ఆ బావి నీళ్లలోనే కొలువున్నాడు.

ఈ కథలో నేను ఎక్కువగా ఆలోచించేది వరం రాకముందు ఘట్టం గురించి. ఒకరికి లేనిది మరొకరు పూడుస్తూ, ఆ ముగ్గురూ ఒక్క మనిషిలా ఎలా సేద్యం చేశారు? మన ఒంట్లో రోజూ జరిగే సేద్యం కూడా అలాంటిదే. మనం ఎక్కడున్నామో మెదడు నేరుగా చూడలేదు. అది పుర్రె లోపల చీకట్లో ఉంటుంది. కన్ను ఒక మాట చెబుతుంది, చెవి ఒక మాట చెబుతుంది. చర్మం, కండరాలు తమకు తెలిసింది చెబుతాయి. చెవి లోతుల్లో ఉన్న సమతౌల్య అవయవం, తల ఎటు కదిలిందో చెబుతుంది. అందరి మాటలూ విని మెదడు తీర్పు ఇస్తుంది: నువ్వు ఫలానా చోట ఉన్నావు, ఇలా కదులుతున్నావు అని.

వర్చువల్ రియాలిటీ అంటే ఈ సాక్షుల్లో వీలైనంతమందిని ఒకే మాట మీద నిలబెట్టడం. కూర్చున్నది హాల్లో అయినా, ఉన్నది కొండ మీదే అని అందరూ ఒకే గొంతుతో చెప్పాలి. అలా చెప్పించగలిగితే మెదడు నమ్ముతుంది. ఒక్కరు ఎదురు తిరిగినా తల తిరుగుతుంది. ఈ పెట్టెలోని మహత్తూ, దాని చిక్కులూ అన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

రెండు కళ్లకు రెండు బొమ్మలు

మొదటి సాక్షి కన్ను. ఒక పని చేయండి. బొటనవేలు ముఖం ముందు నిలబెట్టి, దూరంగా ఉన్న గాలిగోపురం వైపు చూస్తూ ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూయండి. వేలు అటూ ఇటూ గెంతుతుంది. గోపురం మాత్రం దాదాపు కదలదు. మన రెండు కళ్ల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. అందుకే ఒక్కో కంటికి లోకం కొద్దిగా తేడాగా కనిపిస్తుంది. ఆ తేడాను బట్టే మెదడు ఏది దగ్గరో, ఏది దూరమో లెక్క కడుతుంది.

1838లో చార్లెస్ వీట్‌స్టన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఈ సంగతి నిరూపించాడు. కొద్దిపాటి తేడాతో గీసిన రెండు బొమ్మల్ని ఒక్కో కంటికి ఒక్కటి చొప్పున చూపిస్తే, చదునైన కాగితం మీద లోతు పుట్టుకొస్తుందని తన స్టీరియోస్కోప్‌తో చూపించాడు. నేటి హెడ్‌సెట్ ఆ సూత్రం మీదే నడుస్తుంది. ఎడమ కంటికి ఒక బొమ్మ, కుడి కంటికి ఒక బొమ్మ. కాగితం బదులు తెర.

మన జాతరల్లో బయాస్కోప్ పెట్టె కన్నంలోంచి చూసిన పెద్దవాళ్లకు ఇంకో సంగతి గుర్తుంటుంది. కన్నానికి అద్దం ఉండేది. ఇక్కడా అంతే. కంటికి రెండంగుళాల దూరంలో ఉన్న తెరను మామూలుగా ఎవరూ చూడలేరు, అంతా మసకే. మధ్యలో పెట్టిన కటకం ఆ తెర కొన్ని అడుగుల దూరంలో ఉన్నట్టుగా కాంతిని వంచుతుంది, పైగా చూపు నిండా పరుస్తుంది. సోనీ సంస్థ 2016 అక్టోబరులో తెచ్చిన మొదటి ప్లేస్టేషన్ వీఆర్‌లో బొమ్మ దాదాపు 100 డిగ్రీల మేర కనిపించేది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన ప్లేస్టేషన్ వీఆర్2లో అది దాదాపు 110 డిగ్రీలు. ఇంట్లో టీవీ చుట్టూ గోడ కనిపిస్తుంది, గోడ మీద క్యాలెండర్ కనిపిస్తుంది. ఇక్కడ గోడా లేదు, క్యాలెండరూ లేదు. కంటికి వేరే సాక్ష్యం దొరక్కుండా చేయడమే ఈ కటకం పని.

అయితే దగ్గరగా పెట్టి పెద్దది చేస్తే తెరలోని చుక్కలు కూడా పెద్దవవుతాయి. మొదటి హెడ్‌సెట్‌లో ఒక్కో కంటికి 960 అడ్డం, 1080 నిలువు, అంటే సుమారు 10 లక్షల చుక్కలు. దోమతెర లోంచి చూస్తున్నట్టు ఉండేదని చాలామంది అన్నారు. రెండో దానిలో ఒక్కో కంటికి 2000 అడ్డం, 2040 నిలువు, అంటే 40 లక్షలకు పైనే. ఆ దోమతెర చాలావరకు పలచబడింది.

‘నేను యాడుండాను?’

ఇంతవరకూ చెప్పింది బయాస్కోప్‌కూ వర్తిస్తుంది. హెడ్‌సెట్‌ను దాని నుంచి వేరు చేసేది తల కదలిక. బయాస్కోప్‌లో మీరు తల తిప్పితే బొమ్మ పోతుంది. ఇక్కడ తల తిప్పితే లోకమే తిరగాలి, పక్కన ఉన్నది కనిపించాలి. వంగితే కింద ఉన్నది, ముందుకు జరిగితే దగ్గరగా ఉన్నది కనిపించాలి. అందుకోసం మా అమ్మ అడిగిన ప్రశ్నను ఆ పెట్టె ప్రతి క్షణం తనకు తాను వేసుకుంటుంది: ఈ తల ఇప్పుడు ఎక్కడుంది, ఎటు చూస్తోంది?

జవాబు రెండు దారుల్లో వస్తుంది. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే తెర కూడా తిరుగుతుంది కదా, అలాంటి సెన్సర్లే పెట్టెలో ఉండి తల తిరుగుడును సెకనుకు వందల సార్లు కొలుస్తాయి. అయితే వాటి లెక్క కాసేపటికి కొద్దికొద్దిగా తప్పుతుంది. సరిదిద్దడానికి కెమెరాలు కావాలి. మొదటి ప్లేస్టేషన్ వీఆర్‌కు తొమ్మిది నీలి దీపాలు ఉండేవి. టీవీ దగ్గర పెట్టిన కెమెరా ఆ దీపాలను చూసి తల ఎక్కడుందో గుర్తించేది. వీపు తిప్పితే, చెయ్యి అడ్డం వస్తే తడబడేది. రెండో దానిలో నాలుగు కెమెరాలు పెట్టె మీదే ఉన్నాయి. అవి గది మూలల్ని, బల్ల అంచుల్ని, తలుపు చట్రాన్ని గుర్తు పెట్టుకుని, వాటి ఆధారంగా తమ స్థానాన్ని లెక్కగడతాయి. కొత్త ఊళ్లో మనం గుడి గోపురాన్నో నీళ్ల ట్యాంకునో గుర్తు పెట్టుకుని దారి తెలుసుకున్నట్టే. ఇలా వస్తువుల స్థానాన్ని కచ్చితంగా నిర్ధారించే విద్య మనకు దూరపుదేమీ కాదు. ఏర్పేడు దగ్గరి తిరుపతి ఐఐటీలో ఉన్న నవావిష్కార్ ఐ-హబ్ ఆ రంగం మీదే పనిచేస్తోంది.

జవాబు తెలిస్తే చాలదు, వేగంగా తెలియాలి. తల కదిలిన తర్వాత బొమ్మ మారడానికి సెకనులో 50వ వంతు, అంటే 20 మిల్లీసెకన్ల కంటే ఎక్కువ పడితే మెదడు అనుమానించడం మొదలుపెడుతుందని ఈ రంగంలో పనిచేసేవాళ్లు లెక్క వేసుకున్నారు. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు చాలు. ఇక్కడ 90 గాని 120 గాని కావాలి. రెండు కళ్లకూ కలిపి 81 లక్షల చుక్కలు, సెకనుకు 90 సార్లు. అంటే సెకనుకు 73 కోట్ల చుక్కలకు రంగు తేల్చాలి. ఆ చాకిరీ అంతా టీవీ కింద కూర్చున్న కన్సోల్ చేస్తుంది. హెడ్‌సెట్‌కూ కన్సోల్‌కూ మధ్య తీగ ఉండేది అందుకే.

ఆ చాకిరీని తగ్గించే ఉపాయం ఒకటి కంటిలోనే ఉంది. చెయ్యి బారగా చాపి బొటనవేలి గోరును చూడండి. మన కన్ను నిజంగా స్పష్టంగా చూసేది దాదాపు ఆ గోరంత మేర మాత్రమే. మిగతాదంతా మసక. చూపు చకచకా తిరుగుతుంది కాబట్టి మనకు ఆ మసక తెలియదు. వీఆర్2 లోపల, కంటికి కనబడని పరారుణ కాంతితో కనుపాపను గమనించే చిన్న కెమెరాలు ఉన్నాయి. చూపు ఎక్కడ వాలిందో అక్కడ మాత్రం బొమ్మను నిండుగా గీసి, పక్కలను తేలిగ్గా వదిలేస్తుంది కన్సోల్. ముగ్గులో చుక్కల దగ్గర శ్రద్ధ పెట్టి అంచులు చేతివాటంగా లాగినట్టు. చూసేవాళ్లకు తేడా తెలియదు, కన్సోల్‌కు మాత్రం బోలెడు పని తగ్గుతుంది.

చెవిలోని నీళ్లు

ఇక ఎదురు తిరిగే సాక్షి దగ్గరికి వద్దాం. చెవి లోతుల్లో మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉన్నాయి. వాటి నిండా ద్రవం. తల తిరిగితే ఆ ద్రవం వెనకబడి లోపలి సన్నని రోమాలను వంచుతుంది. పక్కనే ఉన్న చిన్న సున్నపు రేణువులు ముందుకు వెనక్కి జరగడాన్ని, కిందికి లాగే భూమి బరువును పసిగడతాయి. ఏ తెరా, ఏ కటకమూ ఈ సాక్షిని కొనలేదు. తల నిజంగా కదిలితేనే కదిలిందని చెబుతుంది.

తిరుమల ఘాట్‌లో బస్సులో పేపరు చదివి కడుపులో తిప్పిన అనుభవం మనలో చాలామందిది. మలుపు మలుపుకూ చెవిలోని ద్రవం ‘తిరుగుతున్నాం, తిరుగుతున్నాం’ అంటుంది. పేపరు మీదున్న కన్ను ‘ఏమీ కదలడం లేదు’ అంటుంది. సాక్షులు కొట్లాడుకుంటారు, కడుపు శిక్ష అనుభవిస్తుంది. కిటికీలోంచి రోడ్డు చూడమని పెద్దలు చెప్పేది అందుకే. కన్ను కూడా చెవి మాటే చెబితే తగవు తీరుతుంది.

హెడ్‌సెట్‌లో ఇదే తగవు తలకిందులుగా జరుగుతుంది. కారు పందెం ఆట ఆడితే కన్ను ‘దూసుకుపోతున్నాం’ అంటుంది. సోఫాలో ఉన్న ఒంటిలోని చెవి ‘లేదు, కూర్చునే ఉన్నాం’ అంటుంది. గ్రాన్ టురిస్మో 7 లాంటి ఆటలో కొత్తవాళ్లకు పది నిమిషాలకే చెమటలు పట్టి వికారం మొదలవడానికి కారణం ఇదే. బీట్ సేబర్ అనే ఆటలో మాత్రం సంగీతానికి తగ్గట్టు మీ వైపు వచ్చే ఘనాలను మీరే చేతులు విసిరి నరకాలి. కదిలేది మీరే, కాబట్టి కన్నూ చెవీ ఒకటే చెబుతాయి. గంట ఆడినా వికారం రానివాళ్లు ఎక్కువమంది. కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారు ముందు ఎంచుకోవలసింది నిలబడ్డ చోటనే ఆడే ఆటలను. మొదటి వారం పది, పదిహేను నిమిషాలకు మించకపోవడం మేలు. కొంచెం తేడాగా అనిపించగానే తీసేయాలి. ఓర్చుకుని ఆడితే అలవాటవుతుందని మొండికేస్తే అలవాటయ్యేది వికారమే.

కంటిలో కూడా ఒక చిన్న తగవు మిగిలే ఉంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు మన కళ్లు రెండూ లోపలికి వాలతాయి, కంటి కటకం కూడా ఆ దూరానికి తగ్గట్టు సర్దుకుంటుంది. హెడ్‌సెట్‌లో కళ్లు లోపలికి వాలతాయి గాని, కాంతి వచ్చేది ఎప్పుడూ ఒకే దూరం నుంచి. జోడెద్దుల్లా కలిసి నడిచే ఆ రెండూ ఇక్కడ విడిపోతాయి. ఎక్కువసేపు వాడితే కళ్లు అలిసిపోవడానికి ఇదొక కారణం. ఎదిగే పిల్లల కళ్ల విషయంలో జాగ్రత్త అవసరం. 12 ఏళ్ల లోపు పిల్లలకు పెట్టవద్దని తయారుచేసిన సంస్థే చెబుతోంది. ఆ మాటను మన ఇళ్లలో కూడా గట్టిగా పాటించాలి. ఏడుస్తున్నాడని ఐదేళ్లవాడికి తగిలించకూడదు.

బాహుదా తీరాన చేతుల కథ

కాణిపాకం పక్కనే పారే ఏరు బాహుద. శంఖుడు, లిఖితుడు అనే సోదరుల కథ ఈ పేరు వెనక ఉంది. ఆకలికి ఆగలేక అనుమతి లేకుండా మామిడిపండు కోసిన లిఖితుడి చేతులను రాజు నరికిస్తే, ఈ నదిలో మునిగాక అవి తిరిగి వచ్చాయట. బాహువులను ఇచ్చింది కాబట్టి బాహుద.

చేతులు ‘మనవి’ అని మెదడు ఎలా తేల్చుకుంటుంది? 1998లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. మనిషి అసలు చేతిని అడ్డు వెనక దాచి, అతని ముందు రబ్బరు చెయ్యి పెట్టి, రెండింటినీ ఒకేసారి కుంచెతో తాకారు. కొద్దిసేపటికి చాలామందికి ఆ రబ్బరు చెయ్యే తమదనిపించింది. కన్ను చూసినదీ, చర్మానికి తెలిసినదీ ఒకే క్షణంలో కలిస్తే మెదడుకు అంతకంటే రుజువు అక్కర్లేదు.

హెడ్‌సెట్‌తో వచ్చే, చేతుల్లో పట్టుకునే రెండు కంట్రోలర్లు ఈ సూత్రాన్నే వాడుకుంటాయి. వాటి చుట్టూ ఉన్న పరారుణ దీపాలను పెట్టె కెమెరాలు గమనిస్తాయి. మీ చెయ్యి ఎక్కడుంటే ఆటలో చెయ్యి అక్కడే కనిపిస్తుంది. వేలు ఎత్తితే ఆ వేలూ లేస్తుంది. ఆటలో విల్లు లాగితే ట్రిగర్ బిగుసుకుంటుంది. చెవులకు కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. కుడివైపు గంట మోగితే ఆ శబ్దం ఎడమ చెవికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టని ఆలస్యంతో చేరుతుంది. ఆ కాస్త తేడాను కూడా లెక్కగట్టి వినిపిస్తారు. ఇన్ని సాక్ష్యాలు కలిశాయి కాబట్టే మా అమ్మ కుర్చీ చేతులు పట్టుకుంది.

ఇంటింటికీ ఎందుకు రాలేదు?

ఇది నిన్న పుట్టిన ఆలోచన అనుకోవద్దు. 1968లోనే అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ తలకు తగిలించే తెరను తయారుచేశాడు. బరువు మోయలేక దాన్ని ఇంటికప్పు నుంచి వేలాడదీశారు. 1995లో నింటెండో సంస్థ వర్చువల్ బాయ్ అనే ఎర్రబొమ్మల యంత్రాన్ని అమ్మకానికి పెట్టి, ఏడాది తిరక్కుండానే ఆపేసింది. అసలు మలుపు స్మార్ట్‌ఫోన్లతో వచ్చింది. చిన్న తెరలు, చిన్న సెన్సర్లు కోట్లలో తయారై చవకయ్యాయి. 2012లో ఆక్యులస్ అనే చిన్న సంస్థ జనం దగ్గర చందాలు పోగేసి హెడ్‌సెట్ పని మొదలుపెట్టింది. 2014 మార్చిలో ఫేస్‌బుక్ దాన్ని సుమారు 200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అదే నెలలో సోనీ తన ప్రయత్నాన్ని బయటపెట్టింది. మన తెలుగు సినిమా కూడా వెనకబడలేదు. బాహుబలి బృందం ఏఎమ్‌డీ సంస్థతో కలిసి ‘ది స్వోర్డ్ ఆఫ్ బాహుబలి’ అనే వీఆర్ చిత్రాన్ని తయారుచేసింది.

అయినా లెక్క చూడండి. 2019 ముగిసేసరికి ప్లేస్టేషన్ 4 కన్సోళ్లు 10 కోట్లకు పైగా అమ్ముడైతే, వాటికి తగిలించే హెడ్‌సెట్లు 50 లక్షలు అమ్ముడయ్యాయి. కన్సోల్ కొన్న వందమందిలో ఐదుగురే దీన్ని కొన్నారు. ధర ఒక కారణం. వీఆర్2 మన దేశంలోకి 2023 డిసెంబరులో దాదాపు 58 వేల రూపాయల ధరతో వచ్చింది, కన్సోల్ ఖర్చు దీనికి అదనం. కానీ నాకు అంతకంటే పెద్ద కారణం మా ఇంట్లోనే కనిపించింది. టీవీ ముందు పదిమంది కూర్చోవచ్చు. ఈ పెట్టె ఒక్కరినే లోపలికి తీసుకుపోతుంది. లోపలివాళ్లు చూస్తున్నది టీవీలో కనిపిస్తుంది కాబట్టి మావాళ్లు నవ్వుతూ, అరుస్తూ, దారి చెబుతూ అమ్మ చుట్టూ చేరారు. అందుకే అది పండుగలా ఉంది. ఒంటరిగా గదిలో గంటల తరబడి అయితే అలా ఉండదు.

కొనాలనుకునేవారికి నాలుగు మాటలు. వీఆర్2ను కన్సోల్‌తో వాడాలంటే ప్లేస్టేషన్ 5 ఉండాలి, ప్లేస్టేషన్ 4తో పనిచేయదు. మొదటి వీఆర్ ఆటలు దీనిలో నేరుగా ఆడవు. నడుస్తూ ఆడాలంటే రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీ స్థలం కావాలి. మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్లు కిందికి ఉంటాయి, చెయ్యెత్తే ఆటలకు ముందు ఫ్యాను ఆపండి. కళ్ల మధ్య దూరానికి తగ్గట్టు కటకాలు జరిపే మీట ఉంది, మనిషి మారినప్పుడల్లా దాన్ని సర్దాలి. చాలామంది ‘మసకగా ఉంది’ అని వదిలేసేది ఈ ఒక్క పని చేయకే. మూర్ఛ ఉన్నవారు డాక్టరును అడగకుండా పెట్టుకోకూడదు. కిటికీ దగ్గర ఎండలో వదిలేయకండి. భూతద్దం కాగితాన్ని కాల్చినట్టు, ఆ కటకాలు ఎండను కూడగట్టి లోపలి తెరను మాడ్చేస్తాయి.

నేల

ఆ రాత్రి పిల్లల్లో ఒకరు అడిగారు, ‘‘దీంట్లోనే స్వామిని చూపిస్తే గుడికి పోయే పనే లేదు కదా?’’ అడగవలసిన ప్రశ్నే. నడవలేని పెద్దలకు, సముద్రాల అవతల ఉన్నవాళ్లకు గుడిని అలా చూపించగలగడం చిన్న మేలు కాదు. కానీ నాలుగు దిక్కులా తీసిన కెమెరా వీడియోలో తల తిప్పితే దృశ్యం తిరుగుతుంది గాని, ఒక అడుగు ముందుకు వేస్తే గర్భగుడి దగ్గరపడదు. కెమెరా నిలబడ్డ చోటే మనమూ నిలబడాలి.

అమ్మ మాత్రం ఇంత లెక్క వేయలేదు. ‘‘తీర్థం ఎవరిస్తార్రా?’’ అంది. బావి నీళ్లలో ఉన్న స్వామి దగ్గరికి పోయి, అరచెయ్యి పట్టి, ఆ నీళ్లు నోట్లో పోసుకుంటేనే ఆమెకు దర్శనం పూర్తవుతుంది. ఆ నీటి చలువ, చేతికి తెలిసే తడి, పక్కవాళ్ల భుజం ఒరిపిడి, వీటికి ఈ పెట్టె దగ్గర ఇంకా జవాబు లేదు. కంటినీ వినికిడినీ ఒప్పించగలిగింది గాని, చర్మం చెప్పే సాక్ష్యంలో చాలా భాగం దానికి అందలేదు.

పెట్టె తీయగానే అమ్మ నేలను ఎందుకు తాకిందో నాకు అప్పుడు అర్థమైంది. కన్ను చెప్పింది నిజమా కాదా అని తేల్చుకోవడానికి, ఆ పెట్టె ఒప్పించలేకపోయిన సాక్షినే ఆమె అడిగింది. ఇప్పుడు మా ఇంట్లో అదే నియమం అయ్యింది. హెడ్‌సెట్ తీసిన ప్రతి ఒక్కరూ ముందు అరచెయ్యి నేలకు ఆనించి, ఐదు నిమిషాలు కూర్చుంటారు. ఆ తర్వాతే మెట్లు దిగడం, బండి తీయడం. తల ఇంకా కొండ మీదే ఉంటే కాళ్లు మెట్ల మీద తడబడతాయి. ఆ ఐదు నిమిషాల్లో సాక్షులందరూ మళ్లీ ఒక మాట మీదికి వస్తారు.